తివాచీ కింద పువ్వు

సెలవు రోజున పిల్లల్ని అలా ఊళ్ళోకి తిప్పుకురావడం ఏమంత పని అనుకునేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళకి మేస్త్రీ కొడుకులిద్దర్నీ ఒక్క పూట అప్పగించి చూడాలి. మధ్యాహ్నానికే తల ప్రాణం తోకకొచ్చి, వీళ్ళు ఎవరి పిల్లలో కూడా మర్చిపోయి బస్టాపులో కూలబడతారు.

మేస్త్రీకి మాత్రం ఆ ఆదివారం పొద్దున్న అలాంటి అనుమానమేమీ లేదు. లేచింది మొదలు ఒకటే హుషారు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గోళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి ఇరుక్కున్న తెల్ల సిమెంటును అగ్గిపుల్లతో గీకి గీకి, అది ఇక ఈ జన్మకి పోదని తేల్చుకుని వదిలేశాడు.

మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీ కాదు, నేలలు పరిచే మేస్త్రీ. టైల్స్, మార్బుల్, గ్రానైట్, ఏదైనా సరే. పనిలో అందరూ అతన్ని రసమట్టం అని పిలుస్తారు. చిన్న గొట్టంలో బుడగ అటూ ఇటూ జరుగుతూ నేల మట్టంగా ఉందో లేదో చూపిస్తుందే, ఆ పనిముట్టు పేరు. ఇతనికి ఆ పనిముట్టుతో పన్లేదని వాళ్ళ ఎగతాళి. నేలకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో ఇట్టే చెప్పేస్తాడు. కూసింత తేడా వచ్చినా పరిచినదంతా పీకించి మళ్ళీ వేయిస్తాడు. ఆ పీకించేటప్పుడు అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు. కుర్రాళ్ళు చాటుగా తిట్టుకుంటారు, ఇంకో మేస్త్రీ దగ్గరికి మాత్రం పోరు.

ఊళ్ళో నేలలన్నీ మట్టంగా పరిచే మనిషికి ఇంట్లోనే తేడా వచ్చింది.

ఊరి నడిబొడ్డున కొత్తగా ఒక మాల్ లేచింది. అందులో అద్దాల గుమ్మటం కింద ఉన్న నడిమి హాలు నేల మొత్తం ఇతనిదే. మధ్యలో రంగురంగుల రాళ్ళు కోసి పేర్చిన పువ్వు. చిన్నా చితకా పువ్వు కాదు, దాని మీద ఒక లారీని తాపీగా గుండ్రంగా తిప్పుకోవచ్చు. రేకు రేకుకీ రాయి వేరు, ఒంపు వేరు. ఆ పువ్వు మేస్త్రీ వేసవి మొత్తాన్నీ మింగేసింది. పిల్లల సెలవులు మింగేసింది. ఒక్క ఆదివారాన్ని మిగల్చలేదు. బళ్ళు తెరిచాక పెద్దోడు పరుగు పందెంలో గెలిచిన రోజు కూడా మేస్త్రీ ఆ హాల్లోనే బోర్లా పడుకుని రేకులు అతికిస్తున్నాడు.

మొదట్లో పెద్దోడు శనివారం వచ్చిందంటే గుమ్మంలో కాపు కాసేవాడు. "నాన్నా, రేపు?" అనేవాడు. "వచ్చే ఆదివారం రా" అనేవాడు మేస్త్రీ. ఆ మాట అబద్ధమని అతనూ అనుకోలేదు. నిజంగానే వచ్చే ఆదివారం అనుకునేవాడు. కొన్నాళ్ళకి వాడు అడగడం మానేశాడు. అమ్మయ్య, పిల్లాడికి బుద్ధి వచ్చింది, అర్థం చేసుకుంటున్నాడు అని మేస్త్రీ సంబరపడ్డాడు కూడా. తెలివి అలా ఏడిసింది.

ఒక సాయంత్రం పనినుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే లోపలినుంచి పిల్లల మాటలు వినపడ్డాయి. చిన్నోడికి ఐదేళ్ళు, నోరు ఊరుకోదు. "అన్నా, నాన్న మనతో ఎప్పుడొస్తాడు?" అని అడుగుతున్నాడు. పెద్దోడు గొంతు లావు చేసి, అచ్చు మేస్త్రీలాగే, "వచ్చే ఆదివారం రా!" అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

మేస్త్రీ చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపం అతనికి అలవాటే. వాడు ఏడ్చినా, అలిగినా, కాళ్ళు నేలకేసి కొట్టినా ఏదో ఒకటి చేసుండేవాడు. నవ్వుతున్నాడే! వాడికి నా మీద ఆశ పోయింది, వాడు నన్ను వదిలేసుకున్నాడు అనుకున్నాడు.

అప్పుడే ఈ ఆలోచన వచ్చింది. మాల్ తెరిచారు, జనం తండోపతండాలుగా పోతున్నారు. పెద్దోణ్ణి తీసుకెళ్ళి ఆ పువ్వు మధ్యలో నిలబెడతాను. "ఒరేయ్, నీ ఆదివారాలన్నీ ఎక్కడికి పోయాయో చూడు, అన్నీ ఇక్కడే ఉన్నాయి" అని చెప్తాను. అది చూశాక వాడే అర్థం చేసుకుంటాడు. అర్థం చేసుకోకపోతే వాడు నా కొడుకే కాదు. ఇలా సాగింది మేస్త్రీ ఆలోచన. ఈ ఆదివారం సగం పూట పని ఉంది రమ్మని కాంట్రాక్టరు కబురు పెడితే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి "కుదరదు" అన్నాడు.

"మాల్‌కా?" అంది వాళ్ళమ్మ. ఆమె బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది, ఆదివారం ఆమెకి తీరదు. పిల్లల వైపు ఒకసారి చూసి, "సరే, తీసుకెళ్ళండి. వాళ్ళేమన్నా అల్లరి చేస్తే కోప్పడకండి, మీకు పుణ్యముంటుంది" అంది.

"నేనెందుకు కోప్పడతానే?" అని మేస్త్రీ కోప్పడ్డాడు.

బస్సు ఎక్కగానే మొదలైంది. చిన్నోడికి ఒక పాడలవాటు ఉంది. టైల్ పరిచాక లోపల సిమెంటు సరిగా నిండిందో లేదో చూడ్డానికి మేస్త్రీ వేలితో కొట్టి చెవి పెట్టి వింటాడు. లోపల ఖాళీ ఉంటే చప్పుడు తేడాగా వస్తుంది, అప్పుడు "డొల్ల!" అని అరుస్తాడు, కుర్రాళ్ళు దాన్ని పీకేస్తారు. చిన్నోడు ఇది ఎక్కడ చూశాడో ఏమో, కనిపించిన ప్రతిదాన్నీ కొట్టి చూడటమే వాడి పని. తలుపులు, బిందెలు, పలకలు, అన్నీ అయ్యాయి. బస్సులో ముందు సీట్లో ఒక పెద్దాయన బట్టతల కిటికీ ఎండకి నిగనిగలాడుతోంది. వాడు ముందుకి వంగి, టక్కుటక్కుమని రెండు దెబ్బలు వేసి, చెవి పెట్టి విని, బస్సంతా వినపడేలా "డొల్ల!" అన్నాడు.

పెద్దాయన వెనక్కి తిరిగిన తీరు చూస్తే మేస్త్రీకి నేల చీల్చుకుని లోపలికి పోదామనిపించింది. "క్షమించండి బాబుగారూ, చిన్నపిల్లాడు, తెలీదు" అని రెండు చేతులూ జోడించాడు.

"తెలీకుండానే ఇంత కరెక్టుగా చెప్పాడా?" అన్నాడు పక్క సీటాయన. బస్సంతా గొల్లుమంది. పెద్దాయన తర్వాతి స్టాపులోనే దిగిపోయాడు, అది ఆయన దిగాల్సిన స్టాపేనా అంటే అనుమానమే.

"ఇంకొక్కసారి వేలు కదిపావంటే ఇక్కడే దిగి ఇంటికి పోదాం! వినపడిందా?" అని మేస్త్రీ పళ్ళు నూరాడు. చిన్నోడు చెక్కు చెదరలేదు. పెద్దోడు మాత్రం ఉలిక్కిపడి తమ్ముడి రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళవాడు, నవ్వొచ్చే సంగతికి కూడా నవ్వలేదు. ఆ పట్టు దిగేదాకా వదల్లేదు.

మాల్ ముందు దాకా పోవాల్సిన బస్సు రెండు వీధుల ఇవతలే ఆగిపోయింది. పైపులు వేయడానికి రోడ్డంతా తవ్వి పోశారట. దిగండి దిగండి అన్నాడు కండక్టరు, అదేదో ప్రయాణికుల తప్పన్నట్టు. ఎండ మాడుతోంది. పక్కన కాలిబాట మీద పరిచిన బిళ్ళలు అడుగేస్తే చాలు ఊగుతున్నాయి. మేస్త్రీకి అది చూసి ఒళ్ళు మండింది. "అడుగున ఇసక సరిచేయకుండా పరిచేశారు, దొంగ సచ్చినోళ్ళు. వీళ్ళ చేతులు పడిపోను!" అని తిట్టుకుంటూ, కాలితో ఒక్కో బిళ్ళనీ ఊపి చూసుకుంటూ నడిచాడు.

"కాళ్ళు నొప్పి" అన్నాడు చిన్నోడు. అంతే, రోడ్డు మధ్యలో కూర్చుండిపోయాడు. ఎత్తుకోక తప్పుతుందా? ఎత్తుకున్నాక వాడికి ఐస్‌క్రీమ్ బండి కనపడింది. కొనక తప్పుతుందా? కొన్నాక అది కరిగి, మేస్త్రీ ఇస్త్రీ చొక్కా భుజం మీదుగా వీపు దాకా కారింది.

"నీకేం కావాలిరా?" అని పెద్దోణ్ణి అడిగాడు.

"వద్దులే నాన్నా."

"ఐస్‌క్రీమ్ తినవా?"

"వద్దులే."

"పోనీ ఆ బెలూన్? ఆ పీక?"

"వద్దులే నాన్నా, పోదాం పద."

వద్దు అంటే వద్దు. ఆ చివర్న 'లే' ఏంటి? దులిపేసుకుంటున్నట్టు! మేస్త్రీకి అది అరికాలి ముల్లులా గుచ్చుకుంది. "ఏది అడిగినా వద్దులే వద్దులే! ఏరా, నువ్వేమన్నా కాటికి కాళ్ళు చాపుకున్న ముసలాడివా? పిల్లాడివి పిల్లాడిలా ఏదన్నా అడుగు!" అని కసిరాడు. వాడు ఏమీ అడగలేదు. తల వంచుకుని ఇంకాస్త గబగబా నడిచాడు.

మాల్ గేటు దగ్గర అసలు తద్దినం. మంచినీళ్ళ సీసా, బిస్కెట్లు, చిన్నోడికి మారు నిక్కరు పెట్టడానికి పొద్దున్నే మేస్త్రీ చేతికందిన సంచీ తీసుకున్నాడు. రోజూ చేతికందేది ఏ సంచీ? పని సంచీయే కదా! అడుగున ఏముందో ఎవడు చూశాడు? సంచీ పెట్టగానే యంత్రం కుయ్యోమని మొత్తుకుంది. కాపలావాడు లోపల చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు. రబ్బరు సుత్తి, తాపీ, రాయి కోసే బ్లేడు, ఉలి. ఆ పక్కన చిన్నోడి నిక్కరు.

"ఏంటన్నా ఇది? షాపింగుకొచ్చావా, కన్నం వేయడానికొచ్చావా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రీ మొహం కందగడ్డయింది. "మాటలు తిన్నగా రానియ్. లోపల నేల పరిచింది నేనే. ఇదే సంచీతో ఇదే గేటులోంచి నెలల తరబడి తిరిగాను."

"కావచ్చన్నా. అప్పుడు పరుచుకోవడానికి తిరిగావు. ఇప్పుడు పరిచేశావుగా, ఇంకెందుకు సుత్తి?"

మేస్త్రీ సంచీని పక్క కౌంటరులో పెట్టించి, నీళ్ళ సీసా ఒకటి పట్టుకుని లోపలికి నడిచాడు. పోతే పోయింది, ఇంకెంత, నాలుగడుగులు. పెద్దోడి భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడు చూడు" అన్నాడు.

చూశాడు. నేల లేదు.

అంటే ఉంది, కనపడటం లేదు. గుమ్మటం కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పచ్చగా తివాచీ పరిచేశారు. పైన వేదిక. వేదిక మీద ఒక కుర్రాడు మైకు పట్టుకుని "హలో హలో, చెక్ చెక్" అని చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాడు. ఏదో సబ్బుల కంపెనీ వాళ్ళ పిల్లల డాన్సు పోటీలట. తివాచీ అంచులు లేవకుండా జిగురు పట్టీలు అంటించారు. రాయి మీద! మేస్త్రీ రాత్రింబవళ్ళు పాలిష్ పట్టించిన రాయి మీద!

చిన్నోణ్ణి దభీమని కింద దించి, మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ పట్టీని పీకడం మొదలెట్టాడు. ఒక మూల కాస్త లేచింది. కింద బూడిదరంగు అంచు రాయి జానెడు కనపడింది. పువ్వు ఇంకా ఎక్కడో ఉంది, వేదిక కింద.

"అంకుల్! అంకుల్! ఏం చేస్తున్నారు?" మెడలో బిళ్ళ, చేతిలో వాకీటాకీ, ఇరవై ఏళ్ళ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "కార్పెట్ పీకకండి, పిల్లలు తట్టుకుని పడతారు."

"దీని కింద పువ్వుందమ్మా. నేనే వేశాను. మా పిల్లలకి చూపిద్దామని ఇంత దూరం వచ్చాను. ఒక్క పక్క తీస్తే చాలు, చూపించి పోతాను."

ఆ అమ్మాయి చెడ్డదేం కాదు. పాపం, వేదిక వైపు చూసింది, తివాచీ వైపు చూసింది, జాలిగా నవ్వింది. "ఇప్పుడెలా తీస్తామంకుల్? ప్రోగ్రామ్ మొదలవుతోంది కదా. రేపు రండి, అంతా తీసేస్తాం. లేదంటే వచ్చే ఆదివారం రండి, తీరిగ్గా చూసుకోవచ్చు."

వచ్చే ఆదివారం! మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అమ్మాయిని ఏమీ అనలేడు. మైకు కుర్రాణ్ణి ఏమీ అనలేడు. సబ్బుల కంపెనీవాడు ఎక్కడుంటాడో కూడా తెలీదు. లోకంలో అంత కోపమూ ఉండి దాన్ని దించుకోవడానికి ఒక్క మనిషీ దొరక్కపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

"పదండి పైకి" అని ఇద్దర్నీ చెరో రెక్కా పట్టుకుని మొదటి అంతస్తుకి లాక్కుపోయాడు. పైనుంచి వసారా కటకటాల మీదుగా చూస్తే హాలు మొత్తం కనపడుతుంది. కనపడింది కూడా. పచ్చటి తివాచీ మొత్తం కనపడింది.

మేస్త్రీ మొండోడు. పట్టు వదల్లేదు. "ఒరేయ్, ఇటు చూడు. అదిగో ఆ నల్ల సౌండు పెట్టె ఉందా? దాని కిందనించి మొదటి రేకు మొదలవుద్ది. ఎర్రరాయి. అక్కణ్ణుంచి ఆ మైకువాడు నిలబడ్డాడే, అక్కడిదాకా వంపు తిరుగుద్ది. ఆ వంపు కోయడానికి ఎన్ని రాళ్ళు విరిగాయో తెలుసా? ఆ పక్కన తెల్ల రేకు. అర్థమవుతోందా?"

"ఊఁ" అన్నాడు పెద్దోడు.

"ఏం ఊఁ?"

"బాగుంది నాన్నా. చాలా బాగుంది."

"ఏది బాగుందిరా?" మేస్త్రీ గొంతు లేచింది. "కార్పెట్టా? నీకు కనపడిందా అసలు? కనపడకుండానే బాగుందంటావేంటి, నా మొహాన ముష్టి వేసినట్టు? నా పనంటే నీకు లెక్కలేదు, నేనంటే అంతకన్నా లెక్కలేదు. అవునా?"

పెద్దోడు కటకటాలు పట్టుకుని కిందకి చూస్తూ ఉండిపోయాడు. అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగి మరీ చూసి పోతున్నారు. ఈ లోపల చిన్నోడు అన్నని కాపాడదామనుకున్నాడో, తనకీ తెలుసని గొప్ప చెప్పుకుందామనుకున్నాడో, మధ్యలో దూరాడు.

"నాకు కనపడింది. పువ్వు మధ్యలో నల్లటి గుండ్రం ఉంటది. నేను దాని మీద కూర్చున్నా. అమ్మ ఫోటో తీసింది."

పెద్దోడు వాణ్ణి చటుక్కున గిల్లాడు. "అమ్మా! అన్న గిల్లాడు!" అని వాడు శోకాలు అందుకున్నాడు.

మేస్త్రీకి ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. నల్లటి గుండ్రం నిజమే. పువ్వు బొడ్డు అది. ఆ రాయిని తనే ఏరి తెచ్చాడు. "ఎప్పుడు కూర్చున్నావురా?" అన్నాడు.

చిన్నోడు ఏడుపులో ఉన్నాడు. పెద్దోడే చెప్పాడు, నేల చూపులు చూస్తూ, ముక్కలు ముక్కలుగా. మాల్ తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం బడి అయ్యాక అమ్మ తీసుకొచ్చింది. నాన్న అప్పుడు ఇంకో చోట పనిలో ఉన్నాడు. ముగ్గురూ చెప్పులు చేత్తో పట్టుకుని పువ్వు చుట్టూ తిరిగారు. అమ్మ ప్రతి రేకు దగ్గరా ఆగింది. "ఇదంతా మీ నాన్న చేతుల్తో వేసిందే" అని చెప్పింది. ఎవరో ఒకావిడ "బాగుంది కదండీ" అంటే, "మా ఆయన వేశాడండి" అని అమ్మ ఆవిడకీ చెప్పింది. నాన్నకి తనే చూపించాలని ఉంటుంది, మనం చూశామని చెప్పకండి అని ఇంటికెళ్ళేటప్పుడు ఒట్టు వేయించుకుంది.

ఇంకెవరన్నా అయితే ఆ మాటకి పొంగిపోయేవాళ్ళేమో. మేస్త్రీకి నెత్తి మీద ఎవరో చల్లనీళ్ళు కుమ్మరించినట్టయింది. ఊరంతా చూసింది. పెళ్ళాం చూసింది. పిల్లలు చూశారు, కూర్చున్నారు, ఫోటో దిగారు. ఆ నేల పరిచినవాడే అందరికన్నా వెనకాల వచ్చాడు, వచ్చి తివాచీని చూశాడు. సొంత నేల దగ్గర కూడా తను లేడు!

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా!" అని విరుచుకుపడ్డాడు. "నోరు పడిపోయిందా? ఆ బస్సు, ఆ ఎండ, వీడి మోత, గేటు దగ్గర అందరి ముందూ ఆ అవమానం, ఇదంతా దేనికి? చూసేసిన దాన్ని చూపించడానికా? మీ అమ్మ ఒట్టు వేయించుకుంటే మాత్రం, ఇంతసేపూ నన్నో వెర్రివెంగళప్పని చేసి ఆడించాలా? ఎందుకు చెప్పలేదురా? చెప్పు!"

"చెప్తే నువ్వు రావు కదా" అన్నాడు పెద్దోడు.

"ఎక్కడికి రాను?"

"మాతో." వాడి గొంతు చాలా చిన్నగా ఉంది. కింద మైకు మోతలో మేస్త్రీ వంగి వినాల్సి వచ్చింది. "నేల చూసేశామని చెప్తే... సరే అయితే, వచ్చే ఆదివారం ఇంకెక్కడికన్నా పోదాంలే అంటావు. అందుకే చెప్పలేదు. తమ్ముడికి కూడా చెప్పొద్దన్నా. వాడు ఆగడు."

అనను రా, అలా ఎందుకంటాను, అని చెప్పబోయి మేస్త్రీ తెరిచిన నోరు మూసేశాడు. అంటాడు. ఖాయంగా అంటాడు. పొద్దున్న వీడు ఆ ఒక్క ముక్కా చెప్పి ఉంటే, తను హాయిగా ఊపిరి పీల్చుకుని, ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కాంట్రాక్టరు రమ్మన్న సగం పూట పనికి పోయి ఉండేవాడు. పోతూ పోతూ ఏమనేవాడో కూడా వీడికి ముందే తెలుసు. తన కొడుకు తనని వదిలేసుకున్నాడనుకున్నాడు ఇన్నాళ్ళూ. వీడు వదల్లేదు. పొద్దుట్నుంచి నోరు కట్టేసుకుని, ఏమీ అడక్కుండా, తమ్ముడి చేతులు పట్టుకుని, ఈ ఒక్క పూటా ఎక్కడ జారిపోతుందో అని కాపలా కాస్తున్నాడు. తండ్రిని చూసి భయపడుతూ కాపలా కాస్తున్నాడు. మేస్త్రీకి తన మీద తనకే రోత పుట్టింది.

పెద్దోడు ఆ మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. చిన్నోడి కళ్ళు తన చొక్కా అంచుతో తుడిచి, కింద పెట్టిన నీళ్ళ సీసా తీసి చంకలో పెట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?"

"ఇంటికి."

"ఆగు! ఎవడు పొమ్మన్నాడు నిన్ను?"

పెద్దోడు ఒక కాలు కింది మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి నాన్న మొహంలోకి చూశాడు. అది కోపమో కాదో వాడికి తెలియడం లేదు. తెలిసే దారి కూడా లేదు, మేస్త్రీ గొంతు ఎప్పుడూ అలాగే ఉంటుంది. మెల్లగా అందామని మేస్త్రీ ఇంకోసారి ప్రయత్నించాడు. "రా. వెనక్కి రా నాన్నా" అన్నాడు. అదీ అరుపులాగే వచ్చింది. వాడు కదల్లేదు.

అప్పుడు మేస్త్రీయే వెళ్ళి పై మెట్టు మీద కూలబడ్డాడు. ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ అడ్డం. "దారిలో కూర్చుంటారేంటండీ" అని ఒకావిడ విసుక్కుని, చీర సర్దుకుని పక్కనుంచి పోయింది. చిన్నోడు ఏడుపు మర్చిపోయి ఎగిరి ఒళ్ళోకి వచ్చి పడ్డాడు. పెద్దోడు మాత్రం చాలాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు, పక్కన కాదు, ఒక మెట్టు కింద, వీపు ఇటు పెట్టి.

"ఒరేయ్" అన్నాడు మేస్త్రీ ఆ వీపుతోనే. "నేల సంగతి వదిలెయ్. ఇప్పుడేం చేద్దామో నువ్వు చెప్పు. నీకేం కావాలి?"

కింద పాట మొదలైంది. ఎవరో పిల్లలు తివాచీ మీద దబదబా గంతులేస్తున్నారు. పెద్దోడు నీళ్ళ సీసా మూత తిప్పుతూ, విప్పుతూ, మళ్ళీ తిప్పుతూ కూర్చున్నాడు. అడిగితే ఎక్కువవుతుందేమో అన్నట్టు ఆగి ఆగి, చివరికి తల తిప్పకుండానే అడిగాడు.

"చీకటి పడేదాకా ఉంటావా?"

"ఉంటాను" అన్నాడు మేస్త్రీ.